కొత్త స్ట్రైకర్ పేరు చొక్కా మీద వేయించుకునే ముందు

మాది అనంతపురంలో చిన్న స్పోర్ట్స్ షాపు. బ్యాట్లు, షటిల్ కాక్‌లు, స్కూళ్లకు ట్రోఫీలు అన్నీ అమ్ముతాను కానీ షాపు అద్దె కట్టేది మూలన ఉన్న హీట్ ప్రెస్ మెషీనే. జెర్సీల మీద పేరు, నంబరు వేసిస్తాను. రాయలసీమలో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారని బయటి ఊళ్లవాళ్లు అడుగుతుంటారు. ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ పుణ్యమా అని ఇక్కడ బంతి తన్నే పిల్లలకు కొదవలేదు. వాళ్లలో చాలామంది అర్ధరాత్రి దాటేదాకా ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూసి, పొద్దున క్లాసులో కునుకు తీస్తారు. నేనూ ఆ బాపతే. 2003 నుంచి మాంచెస్టర్ యునైటెడ్.

ఏటా ఆగస్టులో ఒకటే తంతు. క్లబ్ ఇరవై ఏళ్ల కుర్ర ఫార్వర్డ్‌ని ఒకణ్ని కొంటుంది. వార్త అర్ధరాత్రి వస్తుంది. పొద్దున పదికి షటర్ ఎత్తేసరికి ఇద్దరు ముగ్గురు పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉంటారు. "అన్నా, వాడి పేరు వేసియ్యన్నా." డబ్బులు వాళ్లవి, మెషీన్ నాది, వేసిచ్చేస్తే నా పని అయిపోతుంది. కానీ అదే చొక్కా డిసెంబర్‌లో పేరు పీకేయమని మళ్లీ నా టేబుల్ మీదికే వస్తుంది. అందుకని వేసే ముందు నాలుగు ముక్కలు చెబుతుంటాను. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇప్పుడు రాసి పెడుతున్నాను. నేను చూసేది యునైటెడ్ కాబట్టి ఉదాహరణలన్నీ దాదాపు అక్కడివే. మీ క్లబ్ ఏదైనా రోగం ఒకటే.

వార్త ఎంతవరకు వచ్చిందో చూసుకోండి

2020 వేసవి. కరోనా వల్ల షాపు సగం పూటే తెరిచేవాణ్ని. జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్ నుంచి జేడన్ సాంచో వస్తున్నాడని రోజూ ఒకటే గోల. 7 నంబరు అతనికే అని అందరం నమ్మేశాం. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టాడు, "సాంచో 7, రెండు పీసులు" అని. వేసేశాను. ఇంట్లో చెప్పకుండా నాకూ ఒకటి వేసుకున్నాను. ఆ ఏడాది సాంచో రాలేదు. 7 నంబరు కవానీకి ఇచ్చారు. సాంచో వచ్చింది 2021 జులైలో, 73 మిలియన్ పౌండ్లకు. వేసుకున్నది 25. ఇంకో నెల తిరిగేసరికి ఆ 7 తిరిగొచ్చిన రొనాల్డో వీపు మీదికి పోయింది. ఆ కుర్రాడు మంచివాడు, డబ్బులు వెనక్కి అడగలేదు. ఒక చొక్కాతో బైక్ తుడుచుకుంటున్నానని మాత్రం చెప్పాడు.

కాబట్టి మొదటి పని, వార్త ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడం. "ఆసక్తి చూపుతోంది" అంటే ఏమీ లేనట్టే. పాత క్లబ్ దగ్గర జీతం పెంచుకోవడానికి ఆటగాడి ఏజెంటే ఆ మాట వదిలి ఉండొచ్చు. "ఆటగాడితో ఒప్పందం కుదిరింది" అన్నా పెద్ద విషయం కాదు. కుదరాల్సింది రెండు క్లబ్బుల మధ్య. ఆటగాళ్ల కొనుగోళ్ల వార్తలు చెప్పే జర్నలిస్టు రొమానో "హియర్ వీ గో" అన్నాడంటే మా వాట్సాప్ గ్రూపులో పండగే, నేనైతే అప్పుడు కూడా మెషీన్ స్విచ్ వేయను. మెడికల్ అవ్వాలి, సంతకం కావాలి, ఆ తర్వాత క్లబ్ తన సొంత పేజీలో ఫొటో పెట్టాలి, అందులో నంబరు కనబడాలి. అన్నిటికంటే ఆలస్యంగా తేలేది ఒక్కోసారి ఆ నంబరే.

ఇక ఆఖరి రోజు రాత్రి మేలుకోవడం గురించి. 2023లో ఆటగాళ్లను కొనే గడువు ముగిసింది బ్రిటన్ టైమ్‌లో రాత్రి 11కి, అంటే మనకు తెల్లవారుజామున మూడున్నర. 2025లో సాయంత్రం 7కే ముగించారు, మనకు పదకొండున్నర. పదకొండున్నర అయితే మేలుకోండి, సరదాగానే ఉంటుంది. మూడున్నర అయితే పడుకోండి. పొద్దున లేచాక కూడా వాడు అక్కడే ఉంటాడు.

ధర చూసి గుండె పట్టుకోకండి

2015 సెప్టెంబర్ 1, గడువు ముగిసే రోజు. మొనాకో నుంచి ఆంటొనీ మార్షల్‌ని 36 మిలియన్ పౌండ్లకు కొన్నారు. పౌండు వంద రూపాయల లెక్కన 360 కోట్లు. గోల్స్ కొడితే ఇంత, ఫ్రాన్స్‌కి ఆడితే ఇంత, ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ దాకా పోతే ఇంత అని పైన ఇంకా షరతులు. కుర్రాడికి 19 ఏళ్లు. ఇంగ్లండ్‌లో ఒక పత్రిక డబ్బు వృథా అని పెద్దక్షరాల్లో వేసింది. నేనూ అదే అన్నాను, ఒప్పుకుంటాను. "ఎవరీ పిల్లోడు" అని షాపులో నలుగురి ముందు అన్నాను.

తర్వాత్తర్వాత నాకర్థమైంది, ధరకీ ఆటగాడికీ సంబంధం తక్కువని. మా అనంతపురంలో చీనీకాయల (బత్తాయిల) మార్కెట్ చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. టన్ను ఇవాళ ఒక రేటు, ఎల్లుండి ఇంకో రేటు. అదే తోట, అవే కాయలు. పొద్దున యార్డుకి ఎంత సరుకు దిగింది, ఢిల్లీ వ్యాపారికి ఎంత అవసరం, లోడు ఎత్తాల్సిన లారీ ఎప్పుడు కదలాలి, రేటు తేల్చేవి ఇవి. గడువుకి ఇంకా కొన్ని గంటలే ఉండి, స్ట్రైకర్ లేని క్లబ్, అమ్మే తొందర లేని క్లబ్ దగ్గరికి పోతే పలికే ధరే 36 మిలియన్లు. అది మార్షల్ అడిగిన ధర కాదు.

ఇంకొకటి. పేపర్లో కనబడే అంకె ఒక్కసారే చేతి నుంచి పోయినట్టు క్లబ్ లెక్కల్లో ఉండదు. కాంట్రాక్టు ఎన్నేళ్లుంటే అన్నేళ్ల మీద పరుస్తారు. 2023 ఆగస్టులో అటలాంటా నుంచి రాస్మస్ హోయ్‌లున్‌ని 64 మిలియన్ పౌండ్లకు తెచ్చారు, మరో 8 షరతుల మీద. ఐదేళ్ల కాంట్రాక్టు. 64ని ఐదుతో భాగిస్తే ఏడాదికి 13 లోపే. చెల్సీ వాళ్లు ఈ కిటుకు పట్టుకునే 2023 జనవరిలో ముద్రిక్‌కి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు రాసిచ్చారు. ఆ తర్వాత ఐదేళ్లకు మించి పరచకూడదని ముందు యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఏఫా, ఆ తర్వాత ఇంగ్లండ్ పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ కూడా గీత గీశాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి మిస్ అయిన షాట్‌కీ "64 మిలియన్లు!" అని కేక పెట్టే పిల్లలు మా షాపులో బోలెడుమంది. ఆ డబ్బు వాడి జేబులోకి పోలేదురా, అటలాంటాకి పోయింది అంటాను. విననట్టు నటిస్తారు.

ఆరు నిమిషాల వీడియో కాదు, ఒక మ్యాచ్ మొత్తం చూడండి

ఇది అసలు పని. మిగతావి తెలియకపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి చేయండి.

సంతకం అయిన గంటలోపే ఆ ఆటగాడి గోల్స్ అన్నీ గుచ్చి, వెనక డప్పు మ్యూజిక్ పెట్టి వీడియోలు వస్తాయి. అందులో ప్రతివాడూ మారడోనాయే. వాడు పోగొట్టుకున్న బంతులు అందులో ఉండవు. అంతకంటే ముఖ్యంగా, బంతి వాడి దగ్గర లేనప్పుడు వాడేం చేస్తున్నాడో అందులో అసలుండదు. 90 నిమిషాల్లో స్ట్రైకర్ కాలికి బంతి తగిలే సమయం అంతా కలిపినా ఒకటి రెండు నిమిషాలు. మిగతా సమయమే వాడి ఆట.

నేను చేసే పద్ధతి చెబుతాను. పాత బిల్లు పుస్తకం తీసుకుంటాను. కాగితం మధ్యలో గీత. ఎడమవైపు "పరుగు", కుడివైపు "బంతి వచ్చింది". కుర్రాడు డిఫెండర్ వెనక్కి, లేదా గోల్ దగ్గరి స్తంభం వైపు పరుగు తీసిన ప్రతిసారీ ఎడమవైపు ఒక గీటు. ఆ పరుగుకి తోటివాడు పాస్ ఇస్తే కుడివైపు ఒక గీటు. ఫోన్‌లో స్కోర్లు చూసుకుంటూ చేసే పని కాదు ఇది. కెమెరా బంతి వెనక పోతుంది, మీ కన్ను మాత్రం వాడి మీదే ఉండాలి, కనబడినంత సేపు.

2023 శరదృతువులో హోయ్‌లున్‌ మ్యాచ్‌లకు ఇలా గీసిన కాగితాలు ఇంకా నా డ్రాయర్‌లో ఉన్నాయి. ఎడమవైపు నిండిపోయి ఉంటుంది, కుడివైపు తెల్లగా ఉంటుంది. ఎడమ వింగ్‌లో ఆడిన రాష్‌ఫోర్డ్, గర్నాచో ఇద్దరూ కుడికాలి వాళ్లు. లైన్ వెంబడి పోయి క్రాస్ వేయడం కంటే లోపలికి కోసుకొచ్చి తామే షాట్ కొట్టడం వాళ్లకు అలవాటు. మధ్యలో ఈ కుర్రాడు స్తంభం దగ్గరికి పరిగెత్తి, చేతులు చాచి, తల పట్టుకుని, వెనక్కి నడిచేవాడు. మళ్లీ పరిగెత్తేవాడు. లీగ్‌లో నెలల తరబడి గోల్ లేదు. మా గ్రూపులో ఎవడో వాడి ఫొటోకి కళ్లజోడు, కర్ర పెట్టి తిప్పాడు. అదే కుర్రాడు అదే నెలల్లో, వారం మధ్యలో జరిగే ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ మ్యాచ్‌ల్లో ఐదు గోల్స్ కొట్టాడు, బాయర్న్ మీద కూడా ఒకటి. మంగళవారం గోల్ కొట్టడం తెలిసినవాడు శనివారానికి మర్చిపోతాడా?

డిసెంబర్ 26, ఆస్టన్ విలాతో మ్యాచ్. మనకు తెల్లారితే 27, ఒంటిగంటన్నరకు మొదలు. రెండు గోల్స్ వెనకబడి, గర్నాచో రెండు కొట్టి సమం చేశాడు. 82వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని హోయ్‌లున్ ఎడమకాలితో లోపలికి కొట్టాడు. లీగ్‌లో అదే మొదటి గోల్. టైమ్ మూడు దాటింది. నేను దిండు నోట్లో కుక్కుకుని అరిచాను. మా ఆవిడ లేచి లైటు వేసి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా లైటు ఆర్పేసి పడుకుంది. దానితో కలిపి, తాను ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌ల్లో వరసగా గోల్ కొట్టాడు.

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టుంటుంది. కానీ మరుసటి సీజన్‌లో లీగ్‌లో నాలుగే గోల్స్. 2025 సెప్టెంబర్‌లో నాపోలికి లోన్ మీద పంపేశారు. ఆ రెండో ఏడాది నా బిల్లు పుస్తకంలో ఎడమవైపు గీట్లు కూడా తగ్గాయి. ఈ పద్ధతిలో ఉన్న లాభం అదే. గోల్స్ లేకపోయినా కుర్రాడు బాగా ఆడుతున్నప్పుడు తెలుస్తుంది, వాడు కుంగిపోవడం మొదలైనప్పుడు కూడా అందరికంటే ముందు తెలుస్తుంది.

మొదటి గోల్‌కి జాగ్రత్త

మార్షల్ దగ్గరికి మళ్లీ వస్తాను. 2015 సెప్టెంబర్ 12, లివర్‌పూల్‌తో మ్యాచ్, మనకు రాత్రి పదికి. రెండో సగంలో దిగాడు. 86వ నిమిషంలో ఎడమవైపు బంతి అందుకుని, వాళ్ల డిఫెండర్ స్క్రటెల్‌ని ఇటు అని అటు తిప్పి, పరిగెత్తకుండానే, నడిచినట్టుగా పోయి మూలకి పెట్టాడు. షాపులో అంత మాట అన్నవాణ్ని, మర్నాడే డజను జెర్సీలు తెప్పించాను. "మార్షల్ 9". వృథా అన్న పత్రికల మాటనే అక్కడి అభిమానులు పాటగా కట్టి స్టేడియంలో పాడారు.

వెళ్లిపోయింది 2024లో. 317 మ్యాచ్‌లు, 90 గోల్స్. చెడ్డ అంకె కాదు. ఆ రాత్రి మేం ఊహించుకున్నదైతే కాదు. మధ్యలో ఒక దృశ్యం నన్ను ఇంకా వదల్లేదు. 2023 సెప్టెంబర్ 16, బ్రైటన్‌తో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఓడిపోతున్నాం. హోయ్‌లున్‌ని బయటికి పిలిచి ఇంకొకణ్ని దించారు. స్టేడియం మొత్తం బూ అని అరిచింది, కొత్త కుర్రాణ్ని ఎందుకు తీస్తున్నావని. దిగినవాడు ఎవరనుకున్నారు? మార్షల్. ఎనిమిదేళ్ల కిందట ఇదే నెలలో, ఇదే గడ్డ మీద, ఇదే జనం వాడి కోసం గొంతు చించుకున్నారు.

మొదటి మ్యాచ్ గోల్‌కి భవిష్యత్తుతో పెద్దగా పని లేదు. 2009 ఏప్రిల్ 5న మకేడా అనే 17 ఏళ్ల కుర్రాడు మొదటిసారి దిగి విలా మీద ఇంజురీ టైమ్‌లో గెలుపు గోల్ కొట్టాడు. యునైటెడ్‌లో అతని కథలో అంతకు మించిన రోజు మళ్లీ రాలేదు. రూనీ 2004లో మొదటి మ్యాచ్‌లోనే ఫెనర్‌బాచే మీద మూడు కొట్టాడు, పదమూడేళ్లు ఉన్నాడు. రెండూ జరుగుతాయి. ఇంకోవైపు, 2003లో 18 ఏళ్లకు వచ్చిన రొనాల్డో మొదటి సీజన్ మొత్తంలో కొట్టింది ఆరు గోల్స్. అవసరం లేని చోట కాలు తిప్పుతూ, కింద పడుతూ ఉండేవాడు, హాస్టల్‌లో మేమే తిట్టేవాళ్లం. ఐదో సీజన్‌లో 42 కొట్టాడు. ఆర్సెనల్ వాళ్ల ఆన్రీ కూడా 1999లో వచ్చిన కొత్తలో గోల్ కోసం తడుముకున్నవాడే.

అందుకని నేనొక గడువు పెట్టుకున్నాను. రెండో ఏడాది సంక్రాంతి దాకా "ఫ్లాప్" అనే మాట అనను, "లెజెండ్" అనే మాటా అనను. మొదటి ఏడాది కుర్రాడు భాష, వాన, మేనేజర్, ఇల్లు వెతుక్కోవడం వీటితోనే సతమతమవుతాడు. సొంత సీజన్ అనేది వేసవి ప్రాక్టీస్ మొత్తం జట్టుతో చేశాకే మొదలవుతుంది. సంక్రాంతి నాటికి ఇంచుమించు సగం సీజన్ అయిపోతుంది, జనవరి కొనుగోళ్లు కూడా నడుస్తుంటాయి కాబట్టి తిట్టడానికి కూడా సరైన సమయమే.

గ్రూపులో, ఇంట్లో

దీని గురించి ఎక్కువ చెప్పను. మ్యాచ్ అయిన రాత్రి ఏమీ పోస్ట్ చేయకండి, పొద్దున టిఫిన్ అయ్యాక చేయండి. కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌లోకి పోయి తిట్లు రాసే పని మాత్రం పెట్టుకోకండి. మా షాపుకొచ్చే ఒక పిల్లోడు అలా రాశానని గొప్పగా చూపిస్తే, ఆ రోజు వాడికి బంతిలో గాలి కూడా కొట్టివ్వలేదు. ఎదుటి క్లబ్ వాళ్లతో వాదన వస్తే లెక్కలు తీయకండి. మా అక్క కొడుకు ఆర్సెనల్. యునైటెడ్ ఎవర్ని కొన్నా "మామా, ఇంకో సాంచోనా?" అని మెసేజ్ పెడతాడు. నేను, వాళ్లు అంత పోసి కొని నిరాశపడిన ఆటగాణ్ని గుర్తుచేస్తూ, "పెపే, 72 మిలియన్లు" అని ఒక్క ముక్క పెడతాను. రెండు రోజులు మాట్లాడడు.

వేయించుకునేటట్టయితే

నంబరు విషయంలో మోసపోకండి. కుర్రాళ్ల నంబరు నిలవదు. మార్షల్ 9తో వచ్చాడు. 2016లో ఇబ్రహిమోవిచ్ రాగానే 9 ఆయనకిచ్చి ఇతనికి 11 ఇచ్చారు. నా డజనులో అప్పటికి మూడు మిగిలాయి. 2019లో 9 మళ్లీ మార్షల్‌కి వచ్చిందని తెలిసి అట్టపెట్టె దింపి దుమ్ము దులిపాను. డిజైన్ పాతదని సగం రేటుకి రెండు పోయాయి, ఒకటి ఇంకా ఉంది. హోయ్‌లున్ కూడా అంతే, మొదటి ఏడాది 11, రెండో ఏడాది 9. రూనీ సైతం 8తో మొదలై 10కి మారాడు. మీకు మరీ ఆత్రంగా ఉంటే పేరు ఒక్కటే వేయించుకోండి, నంబరు జాగా వదిలేయండి. తర్వాత వేసిస్తాను.

పేరు స్పెల్లింగ్ క్లబ్ ఫొటో చూసి మాత్రమే ఇవ్వండి. హోయ్‌లున్ పేరులో ఓ అక్షరం మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. మొదట్లో అది లేకుండా వేసిచ్చాను, ఒక పిల్లోడు తెచ్చి "ఇది వేరేవాడి పేరన్నా" అన్నాడు. కట్టర్‌లో ఆ అక్షరం లేక, సున్నా కోసి, సన్నటి వినైల్ పట్టీ చేత్తో అతికించాను. 2025లో వచ్చిన షెష్కో పేరులో అయితే రెండు ఎస్‌ల మీదా పిట్ట రెక్కల్లాంటి చిన్న గుర్తులు. గోరంత ముక్కలవి. అద్దంలో చూసినట్టు తిప్పి కోసి, చుట్టూ ఉన్న అదనపు వినైల్ పీకేటప్పుడు ముందు లేచిపోయేది అవే.

పాలిస్టర్ బట్టకి 150 డిగ్రీలు, 15 సెకన్లు చాలు. ఎక్కువైతే బట్ట మీద పళ్లెమంత మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు. వేసిన రోజు ఉతకొద్దు. తర్వాత ఎప్పుడు ఉతికినా తిరగేసి, చన్నీళ్లలో. ఇస్త్రీ పెట్టె నేరుగా పేరు మీద పెట్టారంటే పెట్టెకి సగం పేరు వస్తుంది.

తీయాలంటే మళ్లీ వేడి చేసి, మూల పట్టుకుని ఒక్కో అక్షరం పీకాలి. జిగురు మిగులుతుంది, దాన్ని జిగురు తీసే మందుతో తుడవాలి. ఎండలో ఆడిన చొక్కా అయితే చుట్టూ రంగు వెలిసి, అక్షరాలున్న చోట ముదురుగా ఉండిపోతుంది. పేరు పోయినా చదవొచ్చు. అందుకే వేయడానికి 200 అయితే తీయడానికి 250 తీసుకుంటాను.

2025 ఆగస్టులో లైప్‌జిగ్ నుంచి షెష్కో వచ్చాడు. 22 ఏళ్లు, 76.5 మిలియన్ యూరోలు, షరతులతో ఇంకో 8.5. క్లబ్ ప్రకటించిన మర్నాడు పొద్దున తొమ్మిదో తరగతి పిల్లోడొకడు వచ్చాడు, చేతిలో ఎర్ర చొక్కా. 30 నంబరు కావాలన్నాడు. నేను ధర గురించి చెప్పాను, బిల్లు పుస్తకం చూపించాను, మార్షల్ సంగతి చెప్పాను. రెండో ఏడాది సంక్రాంతి దాకా ఆగరా అన్నాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

"అప్పటికి నాకీ చొక్కా పట్టదన్నా."

మెషీన్ వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది, కూర్చోమన్నాను. రెండు ఎస్‌ల మీదా గుర్తులు పెట్టే వేసిచ్చాను.